దిగుడు కాలమ్ లేని పట్టిక: మంగళగిరి కొండ మీద ఒక మోకాలి కేసు

ఆగస్టు ఆఖరి సోమవారం సాయంత్రం టీచరక్క మా క్లినిక్‌కి వచ్చారు. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. పైకి మామూలుగానే ఎక్కి వచ్చేశారు. చూపించుకుని వెళ్లేటప్పుడు ఫోన్ మర్చిపోతే ఇద్దామని నేను వెనకే వెళ్లాను. మెట్ల మీద కనిపించారు. కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని, ముందు ఎడమ కాలు దించి, దాని పక్కన కుడికాలు ఆనించి, ఒక్కో మెట్టూ దిగుతున్నారు. మూడేళ్లుగా బ్యారేజీ మీద పరుగెత్తుతున్న మనిషి అచ్చం మా అమ్మ దిగినట్టు దిగుతున్నారు. అరగంట పరీక్ష చేసి నేను రాసుకున్న కాగితం కంటే ఆ పదిహేను మెట్లే ఎక్కువ చెప్పాయి.

ఆవిడ ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. మా గుంపులో అందరూ టీచరక్క అనే పిలుస్తారు, ఇక్కడా అలాగే రాస్తాను. నేను ఫిజియోథెరపిస్టుని. ఆరేళ్లుగా విజయవాడలో ఒక రన్నింగ్ గ్రూపుకి కోచ్‌గా కూడా ఉంటున్నాను. కోచ్‌గా చేసిన పొరపాటును ఫిజియోగా నేనే దిద్దుకోవాల్సి వచ్చిన కేసు ఇది.

మా గుంపు, మా కొండ

మేం పంతొమ్మిది మందిమి. బ్యాంకు వాళ్లు, రైల్వే వాళ్లు, మెడికల్ షాపు బాబాయ్, ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు, సొంత ఆటో నడుపుకునే తమ్ముడు, టీచరక్కతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు. మామూలు రోజుల్లో మా పరుగు ప్రకాశం బ్యారేజీ మీద, కృష్ణ ఒడ్డున, బీఆర్‌టీఎస్ రోడ్డులో. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అటు చివరిదాకా వెళ్లి వస్తే రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎదురుగాలి ఉంటే తప్ప ఆ దారిలో కాలికి కష్టం తెలియదు. ఊరి చుట్టూ ఎటు చూసినా కొండలే, మా పరుగు మాత్రం ఎప్పుడూ చదును నేల మీదే.

ఈసారి డిసెంబర్‌లో విశాఖలో హాఫ్ మారథాన్ అనుకున్నాం. విశాఖ బీచ్ రోడ్డు మన బందరు రోడ్డులా ఉండదు, ఋషికొండ వైపు వెళ్తుంటే ఎక్కుతూ దిగుతూ పోతుంది. అంతకుముందు అక్కడ పరుగెత్తి వచ్చిన మావాళ్లు నలుగురు రెండో సగంలో నడిచారు. ఎక్కే చోట చచ్చిపోయామన్నారు. అందుకని జులై ఆఖర్లో వారానికి ఒకరోజు కొండ పెట్టాను.

ఏ కొండ అన్న దగ్గర పెద్ద చర్చే నడిచింది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఊళ్లోనే ఉంది కానీ, అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ల మధ్య నిక్కర్లు వేసుకుని పరుగులు పెట్టడం నాకే నచ్చలేదు. గాంధీ కొండ రైల్వే స్టేషన్‌కి దగ్గర. పైన 1968లో ప్రారంభమైన గాంధీ స్తూపం ఉంది, అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది. ఓ ఆదివారం సరదాగా ఎక్కడానికి బావుంటుంది, వారం వారం ఒకే ముక్కని కొలిచి పరుగెత్తడానికి నాకు కుదరలేదు. కొండపల్లి దూరం. చివరికి మంగళగిరి ఖాయం చేశాం. పడుకున్న ఏనుగులా కనిపించే ఆ కొండ మీద పానకాల స్వామి గుడికి మెట్లూ ఉన్నాయి, బళ్లు వెళ్లే దారీ ఉంది. తెల్లవారి ఐదుంపావుకి చేరుకుంటే ఆరున్నర దాకా మాకు పెద్దగా అడ్డం ఉండదు.

ఏటవాలు కొలవడానికి ఫోన్లో యాప్‌లున్నాయి. నాకు వాటి మీద గురి తక్కువ. మా వీధిలో ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చుకున్నాను. మీటరు పొడవు చెక్క బద్దని రోడ్డు వాలు వెంబడి పెట్టి, పైన రసమట్టం ఉంచి, బుడగ మధ్యకి వచ్చేదాకా బద్ద కింది కొసని ఎత్తాలి. ఆ కొసకీ రోడ్డుకీ మధ్య ఖాళీని స్కేలుతో కొలిస్తే సరి. ఎనిమిది సెంటీమీటర్లు వస్తే ఎనిమిది శాతం వాలు. మేం ఎంచుకున్న 350 మీటర్ల ముక్కలో ఏడు చోట్ల కొలిచాను. ఆరు నుంచి పది దాకా వచ్చాయి, సగటు ఎనిమిది. అంటే ఒక్కసారి ఎక్కితే 28 మీటర్ల ఎత్తు. నేను రోడ్డు మీద గొంతుక్కూర్చుని కొలుస్తుంటే, గుడికి వెళ్తున్న ఒకాయన బండి ఆపి, "ఏవండీ, రోడ్డు మళ్లీ వేస్తున్నారా?" అని ఆశగా అడిగారు.

ప్లాన్ సులువే. ప్రతి గురువారం. మొదటి వారం నాలుగుసార్లు ఎక్కడం, రెండో వారం ఆరు, మూడు నాలుగు వారాల్లో ఎనిమిదేసి. కొండ పరుగు పేరెత్తితే కోచ్‌లు తలుచుకునేది న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్‌ని. ఆయన దగ్గర తయారైన పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో 1960 రోమ్ ఒలింపిక్స్ బంగారు పతకాలు తెచ్చుకున్నారు. ముందు నెలల తరబడి దూరాలు పరుగెత్తించి, ఆ పునాది పడ్డాకే కొండ ఎక్కించడం ఆయన పద్ధతి. మావాళ్లకి పునాది ఉంది కదా అనుకున్నాను. ఉంది, కానీ చదును నేల మీద వేసిన పునాది అది. ఆయన ఊరు కొండల ఊరు, మాది డెల్టా. ఈ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

ఆవిడ చెప్పింది

టీచరక్కకి 44 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. రోజుకి ఐదు పీరియడ్లు నిలబడే పని, క్లాసులు రెండో అంతస్తులో. వారానికి నాలుగు రోజుల్లో 32 నుంచి 35 కిలోమీటర్లు పరుగు. అంతకుముందు చేసిన హాఫ్ మారథాన్లలో మంచి టైము 2 గంటల 24 నిమిషాలు. ఒకసారి కుడి చీలమండ బెణకడం తప్ప పెద్ద దెబ్బలేవీ లేవు.

నొప్పి ఎడమ మోకాలి ముందు, చిప్ప చుట్టూ. చూపించమంటే ఒక్క వేలితో చూపించలేక అరచేత్తో చిప్పంతా తడిమారు. మెట్లు దిగేటప్పుడు పదికి ఆరు. చదును రోడ్డు మీద మూడు కిలోమీటర్లు దాటాక మూడు. సినిమాకో మీటింగుకో గంటసేపు మోకాలు మడిచి కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు పట్టేసినట్టు ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు దాదాపు ఏమీ లేదు.

నాకంటే ముందు వేరే చోట చూపించుకున్నారు. ఎక్స్‌రే తీసి, కొంచెం అరుగుదల మొదలైందని చెప్పి, ఈ వయసులో పరుగులెందుకమ్మా అన్నారట. ఆ మాట విన్నాక నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదని చెప్పారు. నలభై దాటినవాళ్ల మోకాలు ఎక్స్‌రే తీస్తే నొప్పి లేనివాళ్లలో కూడా కొందరికి అంతో ఇంతో మార్పు కనిపిస్తుంది. నొప్పికీ ఆ నీడకీ లంకె ఉందో లేదో మనిషిని చూసి తేల్చాలి. అరిగిపోయింది అన్న మాట చాలా తేలిగ్గా అనేస్తాం. విన్నవాళ్లు మాత్రం దాన్ని ఏళ్ల తరబడి మోస్తారు. ఆవిడ టెన్షన్‌లో సగం ఆ ఒక్క మాటే.

ఇంట్లోవాళ్ల తీర్పు ఇంకోటి. "అత్తయ్యగారేమో వ్రతం వల్లే అంటున్నారు డాక్టర్ గారూ. వరలక్ష్మీ వ్రతం రోజు రెండు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, లేవబోతే మోకాలు కలుక్కుమంది. అప్పట్నించే ఇది." ఆవిడ కూడా అదే నమ్ముతున్నారు. కొండ మాట నేను అడిగేదాకా ఎత్తలేదు.

వ్రతం శుక్రవారం. దానికి ముందు రోజు మా మూడో గురువారం, ఎనిమిదిసార్లు ఎక్కిన మొదటి రోజు. నేను క్యాలెండర్ ముందు పెట్టి, అంతకుముందు ఎప్పుడైనా, ఎంత చిన్నదైనా, మోకాలు గుర్తుకొచ్చిన రోజు ఉందేమో ఆలోచించమన్నాను. కాసేపాగి చెప్పారు: "యూనిట్ టెస్ట్ పుస్తకాలు మోసుకుని రెండో అంతస్తు నుంచి దిగుతుంటే ఓసారి చురుక్కుమంది. పుస్తకాల బరువనుకున్నాను." ఏ వారమని అడిగితే, లెక్కల టీచర్ కదా, పరీక్షల టైమ్‌టేబుల్ మీద వెనక్కి లెక్కేసి శనివారమని తేల్చారు. అది రెండో గురువారం తర్వాత శనివారం, వ్రతానికి ఆరు రోజుల ముందు.

పరీక్షలో తేలింది

వాపు లేదు. మోకాలు పూర్తిగా ముడుచుకుంటోంది, పూర్తిగా చాపుకుంటోంది. ఎక్కడా ఇరుక్కోవడం లేదు, లిగమెంట్లు గట్టిగా ఉన్నాయి. చిప్ప అంచుల్లో నొక్కితే కొంచెం నొప్పి. రెండు కాళ్ల మీద గుంజీ తీయమంటే సగంలో ఎడమ మోకాలి ముందు నొప్పి పుట్టింది. చిప్ప వెనక నుంచి వచ్చే నొప్పిని పట్టుకోవడానికి గుంజీని మించిన పరీక్ష మా దగ్గర లేదు, దానికి ఏ మిషనూ అక్కర్లేదు.

తర్వాత 20 సెంటీమీటర్ల స్టూలు మీద ఒంటికాలి మీద నిలబెట్టి, రెండో మడమ నేలకి తగిలేదాకా నెమ్మదిగా దిగమన్నాను. కుడికాలి మీద పన్నెండుసార్లు బాగానే చేశారు. ఎడమకాలి మీద మూడోసారికే మోకాలు లోపలికి వాలింది, తుంటి పక్కకి జారింది. ఐదోసారి తొడ వణికింది, ఆరోసారి చాలన్నారు. పిక్కలు మాత్రం రెండూ సమానంగా ఉన్నాయి, ఒంటికాలి మీద మడమ ఎత్తడం ఎడమ 22, కుడి 24.

ఎక్కడానికి కావలసిన బలం ఉంది. దిగేటప్పుడు ఒంటిని ఆపుకుంటూ కిందికి దించే బలం లేదు. పేటెల్లోఫెమొరల్ పెయిన్ అని రాసుకున్నాను, అంటే చిప్పకీ తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి తట్టుకోలేక వచ్చే నొప్పి. ఎంఆర్ఐ అవసరం లేదని చెప్పాను.

పట్టిక తీసి చూస్తే

ఆ రాత్రి గురువారాల పట్టిక తెరిచాను. తేదీ, ఎన్నిసార్లు, ఎక్కిన టైము, పైన గుండె వేగం. ఆ తర్వాత కాలమ్‌కి నేను పెట్టిన పేరు రెస్ట్. దిగడం ఆ రెస్ట్‌లో కలిసిపోయింది. ఎంత వేగంగా దిగారో, మొత్తం ఎంత దిగారో ఎక్కడా రాయలేదు.

ఆవిడ వాచీలో అంతా ఉంది. మూడో గురువారం 350 మీటర్లు ఎక్కడానికి సగటున 2 నిమిషాల 40 సెకన్లు. దిగడానికి 1 నిమిషం 45 సెకన్లు. అంటే కిలోమీటరుకి ఐదు నిమిషాల వేగం. చదును మీద ఆవిడ మామూలు వేగం కిలోమీటరుకి ఏడు నిమిషాలు. నేను మెల్లగా దిగండి అని ప్లాన్‌లో రాశాను, ఆవిడ బ్యారేజీ మీద ఏనాడూ పరుగెత్తనంత వేగంగా దిగారు. అదీ ఎనిమిదిసార్లు, 224 మీటర్ల దిగుడు. నెల కిందటిదాకా వారానికి దిగింది సున్నా అనుకోవచ్చు.

ఎందుకలా దిగారు? మరుసటి గురువారం కొండ కింద టీ దగ్గర అందరినీ అడిగాను. జవాబులు నన్నే వేలెత్తి చూపాయి. ఆరున్నరకల్లా ఎనిమిది పూర్తి చేయాలని నేనే అన్నాను, బళ్లు పెరుగుతాయని. ఎనిమిదింటికి స్కూలు, తొమ్మిదింటికి బ్యాంకు. ఎక్కేటప్పుడు వేగం పెంచలేరు, ఊపిరి ఆడదు. టైము మిగుల్చుకోగలిగింది దిగేటప్పుడే. దానికి తోడు ఇంజనీరింగ్ కుర్రాళ్లు దిగుడు పేస్ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పెట్టడం మొదలెట్టారు. ఎక్కుడు పేస్ ఎవరు పెడతారు, చూడ్డానికే సిగ్గుగా ఉంటుంది.

ఇంకో ప్రశ్న అడిగాను: "శుక్రవారం, శనివారం మెట్లు దిగడం ఎవరికి కష్టమైంది?" వచ్చిన పదిహేడు మందిలో పదకొండు చేతులు లేచాయి. రైల్వే అన్నయ్య నవ్వుతూ, "శనివారం నేను ఫుటోవర్ బ్రిడ్జి వెనక్కి తిరిగి దిగాను సార్, జనం పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు" అన్నాడు. అందరూ నవ్వారు. నాలుగు వారాలుగా నాకెందుకు చెప్పలేదంటే, కొండ కదా సార్, నొప్పులు ఉంటాయిగా అన్నారు.

దిగుడు మోసం

దిగేటప్పుడు ఊపిరి అందుతుంది, గుండె నెమ్మదిస్తుంది, వాచీ ఆకుపచ్చ రంగు చూపిస్తుంది. అది అబద్ధమూ కాదు. మినెట్టి అనే పరిశోధకుడి బృందం 2002లో ప్రచురించిన కొలతల్లో, రోడ్డు 20 శాతం దాకా కిందికి వాలేకొద్దీ పరుగుకి అయ్యే శక్తి ఖర్చు తగ్గుతూ వచ్చి, చదును మీద ఖర్చులో సగానికి చేరింది. గుండెకి నిజంగానే విశ్రాంతి.

కాలి సంగతి వేరు. 2005లో గాట్‌షాల్, క్రామ్ అనే ఇద్దరు పరిశోధకులు నేల మీద పాదం తాకే బలాన్ని కొలిచారు. తొమ్మిది డిగ్రీల వాలు దిగేటప్పుడు పాదం తాకిడి చదును మీదకంటే 54 శాతం, వెనక్కి ఆపే బ్రేకు బలం 73 శాతం పెరిగాయి. తొమ్మిది డిగ్రీలంటే దాదాపు 16 శాతం వాలు. మా ముక్క అందులో సగమే, కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా మాకు అంటించుకోకూడదు. కానీ మావాళ్ల వేగం ఆ లోటు కొంత పూడ్చేసి ఉంటుంది.

ఈ బ్రేకు వేసేది తొడ ముందు కండరాలు. దిగే ప్రతి అడుగులోనూ అవి బిగుసుకుంటూనే సాగుతాయి. నిండు బిందెని భుజం మీంచి నెమ్మదిగా నేల మీదికి దించుతున్నప్పుడు చేతికి ఎలా ఉంటుందో అలాగ. అలవాటు లేని కండరం ఈ పని చేస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి ముదురుతుంది, బలం తాత్కాలికంగా తగ్గుతుంది. అది జబ్బు కాదు. ఒకసారి కొంచెం చేసి వదిలేస్తే కండరం నేర్చుకుంటుంది, రెండోసారి అంత నొప్పి రాదు. పెద్ద తప్పేమిటంటే, గురువారం కొండ దిగిన కాళ్లని ఆదివారం లాంగ్ రన్‌కి పంపాను. పదహారు కిలోమీటర్లు. తొడలు ఇంకా తేరుకోలేదు, బ్రేకు సరిగ్గా పడదు, మోకాలు లోపలికి వాలుతుంది, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

వేరే కారణాలు ఉండవా? ఉన్నాయి. టీచరక్క జులైలో బూట్లు మార్చారు, వాటి మడమ పాతవాటికంటే ఎత్తు. యూనిట్ టెస్టులు, పుస్తకాల బరువు. వ్రతం రోజు రెండు గంటలు మోకాళ్లు మడిచి కూర్చోవడం నొప్పిని బయటపెట్టిందనడంలో నాకు అనుమానం లేదు, అత్తయ్యగారిది పూర్తిగా తప్పు కాదు. కానీ బాసింపట్టు ఆవిడకి కొత్త కాదు, మెట్లూ కొత్త కాదు. నెలలో సున్నా నుంచి 224 మీటర్లకు పెరిగింది ఒక్క దిగుడే. నొప్పి వచ్చేది కూడా దిగేటప్పుడే. నేను దాని మీదే పందెం వేశాను.

మందు

పరుగు ఆపమనలేదు. అది విన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. చదును మీద నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాడు పొద్దున్నకి మామూలు స్థాయికి వచ్చేస్తే పరుగెత్తవచ్చు. ఆ లెక్కన మొదటి రెండు వారాలు ఐదేసి కిలోమీటర్లే కుదిరాయి.

అడుగుల వేగం కొంచెం పెంచాం. అరనిమిషంలో ఎడమ పాదం ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టమంటే 40 వచ్చింది. దాన్ని 42 చేయమన్నాను, పరుగు వేగం మార్చకుండా. ఐదు శాతమే, కానీ అడుగు చిన్నదై పాదం ఒంటి కిందకి దగ్గరగా పడుతుంది, మోకాలి మీద పడే పని తగ్గుతుంది. యాప్ పెట్టుకుంటారా అంటే, "లెక్కపెట్టడం నా ఉద్యోగమే కదండీ" అన్నారు.

అసలు మందు వ్యాయామం. ఈ నొప్పికి తుంటికీ మోకాలికీ కలిపి బలం పెంచే వ్యాయామాలే ముఖ్యమని 2018, 2019ల్లో వచ్చిన నిపుణుల సిఫార్సులు కూడా చెబుతున్నాయి. రోజు విడిచి రోజు. పక్కకి పడుకుని రబ్బరు బ్యాండుతో కాలు ఎత్తడం, కుర్చీ అంచు తాకి లేచే గుంజీలు. మూడోది, నేను పట్టుబట్టింది, పీట మీంచి దిగడం. వాళ్లింట్లో పూజకి వాడని పాత పీట ఒకటి ఉంది, పది సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద ఎడమకాలితో నిలబడి, అద్దం ముందు, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కుడి మడమ నేలకి దించాలి. మోకాలి చిప్ప రెండో వేలి మీదుగా ఉండాలి. పదేసి చొప్పున మూడుసార్లు. మూడో వారానికి పీట నుంచి ఇంటి మెట్టుకి మారాం. ఐదో వారానికి వీపున స్కూలు బ్యాగు, అందులో దిద్దాల్సిన నోటు పుస్తకాలు, ఇంటి తూకంలో నాలుగు కిలోలు. ఆ పుస్తకాలు దిద్దడం ఆలస్యమైందని పిల్లలు సంతోషించారట.

గుంపుకి కూడా ప్లాన్ మార్చాను. ఎనిమిది నాలుగయ్యాయి. దిగేటప్పుడు నడకే. "ఎనిమిది నుంచి నాలుగా సార్?" అని గొడవ చేశారు, ముఖ్యంగా బాబాయ్. కాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లని మా ఆటో తమ్ముడు కిందికి దించేవాడు, ముగ్గుర్ని చొప్పున. గుడికి నడిచి వస్తున్న పెద్దావిడ ఒకరు చూసి చూసి, "ఎక్కేప్పుడు పరుగెత్తి, దిగేప్పుడు ఆటోనా? లోకం తల్లకిందులైంది నాయనా" అన్నారు. గురువారం కొండకీ లాంగ్ రన్‌కీ మధ్య దూరం పెంచడానికి కొండని మంగళవారానికి మార్చాం. పట్టికలో కొత్త కాలమ్ పెట్టాను: దిగిన మీటర్లు.

పానకం మాట కూడా చెప్పాలి. మంగళగిరి వెళ్లి పానకం ఊసెత్తకపోతే ఎలా? కుర్రాళ్లు బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఇంట్లో చేసి సీసాల్లో తెచ్చారు, సహజమైన ఎనర్జీ డ్రింకని. పరుగు అయ్యాక తాగితే హాయిగా ఉంది. ఒకడు మధ్యలో గడగడా తాగి ఆరోసారికి డోక్కున్నాడు. స్వామి కూడా పోసిన పానకంలో సగమే తీసుకుని మిగతాది వదిలేస్తాడంటారు, నువ్వు మొత్తం తాగేశావు అని బాబాయ్ ఏడిపించారు.

మధ్యలో పిక్క

ఆరో వారంలో టీచరక్క ఇంకో నొప్పితో వచ్చారు. మోకాలు బాగుంది, మెట్లు దిగితే రెండే. కానీ పొద్దున్నే మంచం దిగితే ఎడమ మడమ వెనక బిగుతు, పది నిమిషాలు కుంటుతున్నారు. ఇది కూడా నా పుణ్యమే. దిగుడు తీసేశాం కదా అని ఎక్కుడు గట్టిగా ఎక్కించాను, ఎక్కుతున్నది ఎప్పుడూ పాదం ముందు భాగం మీదే. ఎక్కేటప్పుడు తాకిడి తగ్గుతుంది, నిజమే. కానీ పిక్కకీ మడమ పైనున్న అకిలిస్ టెండన్‌కీ పని పెరుగుతుంది. ఎక్కడం వల్ల దెబ్బలు తగలవని నేను గుంపుకి చెప్పి రెండు వారాలు కాలేదు.

రెండు వారాలు కొండ పూర్తిగా మాన్పించి, మెట్టు అంచు మీద మడమ నెమ్మదిగా దించే వ్యాయామం కలిపాను. బిగుతు సర్దుకుంది. ఆ రెండు వారాలూ ఆవిడకి నా మీద నమ్మకం కాస్త సడలిందని నాకు తెలుసు. మాటల్లో ఏమీ అనలేదు, కానీ ప్రతి వ్యాయామానికీ ఎందుకని అడగడం మొదలెట్టారు. అది మంచికే అయింది. ఎందుకో తెలిశాక వ్యాయామం ఒక్కరోజు కూడా మానలేదు.

తొమ్మిదో వారం నుంచి దిగుడు మళ్లీ పెట్టాం, ఈసారి మందు మోతాదులా. ఆరు శాతం వాలున్న కింది వంద మీటర్లే, రెండుసార్లు, చిన్న అడుగులతో, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంతో. ఆ వారం దిగిన పరుగు మొత్తం 12 మీటర్ల ఎత్తు. రాసుకోవడానికే నవ్వొచ్చింది. తర్వాతి వారం 24, ఆపై 40, 60. పదమూడో వారానికి 90. మర్నాడు తొడ కొంచెం నొప్పి ఉండవచ్చు, చిప్ప చుట్టూ ఉండకూడదు. ఈ రెండింటికీ తేడా పట్టుకోవడం ఆవిడ నాకంటే బాగా నేర్చుకున్నారు. "ఇవాళ నొప్పి కండదండీ, కీలుది కాదు" అని మెసేజ్ పెట్టేవారు.

విశాఖ, ఆ తర్వాత

డిసెంబర్‌లో టీచరక్క హాఫ్ మారథాన్ 2 గంటల 31 నిమిషాల్లో పూర్తి చేశారు. పాత టైముకంటే ఏడు నిమిషాలు ఎక్కువ. నిటారుగా దిగే రెండు చోట్ల ముందే అనుకున్నట్టు నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు రైలు దిగి విజయవాడ స్టేషన్ మెట్ల మీద మోకాలు నొప్పి పదికి రెండు. మూడో రోజుకి అదీ పోయింది. గుంపులో విశాఖ వెళ్లిన పద్నాలుగు మందిలో ఈసారి ఎక్కే చోట నడిచినవాళ్లు ఇద్దరే. పూర్తయ్యాక బస్సు మెట్లు దిగలేకపోయినవాళ్లు కూడా తగ్గారు.

లెక్కకి అందని వాళ్లూ ఉన్నారు. మెడికల్ షాపు బాబాయ్‌కి 58. నా మాట ఒక్కటి వినలేదు, మొదటినుంచీ చివరిదాకా దూకుతూనే దిగారు. ఆయనకి ఏమీ కాలేదు. చిన్నప్పుడు కొండవీడు దగ్గర పశువులు కాశానని, కొండ దిగడం నాకు నేర్పుతావా అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. ఆ బాల్యానికీ ఈ మోకాళ్లకీ సంబంధం ఉందో లేదో గానీ, ఒకే ప్లాన్ పంతొమ్మిది మందికి ఇచ్చినప్పుడు ఆయన కాళ్లూ, టీచరక్క కాళ్లూ ఒకటే అనుకున్నది నేను.

మార్చి మొదట్లో మళ్లీ స్టూలు పరీక్ష చేశాను. ఎడమకాలి మీద పన్నెండుసార్లు దిగారు. మోకాలు తిన్నగానే ఉంది, పదకొండోసారి తొడ కొంచెం వణికింది. కుడి వైపు వణకలేదు. ఎండలు ముదిరేలోగా పీట వ్యాయామం వారానికి రెండుసార్లు కొనసాగించమని రాసిచ్చాను. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగితే శ్రావణమాసం ముందు రమ్మన్నాను. ఈసారి వ్రతం వారంలో కొండ పెట్టకండి అన్నారు. పట్టికలో ఆ గడి ఇప్పుడే కొట్టేశాను.